పైక్ సరస్సులో వదిలిన వాలై చేపను పట్టేదెలా?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, మిగతావారికీ సంగతి తెలుస్తుంది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో బ్రెయినర్డ్ ఊరికి ఉత్తరాన సుమారు 400 ఎకరాల సరస్సు. ఎక్కువలో ఎక్కువ లోతు 35 అడుగులు. ఒడ్డంతా తుంగ, లోపల దట్టమైన నాచు. ఆ చుట్టుపక్కల ఎవరిని అడిగినా అది పైక్ సరస్సే, అంటే పైక్ అనే మాంసాహార చేప నిండిన సరస్సే అంటారు. రాష్ట్ర సహజ వనరుల శాఖ మాత్రం ఏడాది విడిచి ఏడాది అందులో వాలై అనే మంచినీటి చేప పిల్లలను వదులుతోంది. మీరు రెండు వేసవులుగా వారాంతాల్లో గాలం వేస్తున్నారు. మూరెడు పైక్‌లు తప్ప వాలై కంటపడలేదు. వదిలిన పిల్లలన్నిటినీ పైక్‌లు మింగేశాయా, చేప ఉండీ మీకు దొరకడం లేదా అన్నది మీ అనుమానం. ఎర గురించి, పైక్ పళ్లకు దారం తెగకుండా కొక్కేనికి ముందు కట్టే తీగ ముక్క, అంటే వైరు లీడరు గురించి కూడా అడిగారు.

వాలై ఉండే ఉంటుంది. శాఖ పిల్లలను వదిలిన రికార్డు చూసి మీరు ఊహించుకున్నంత ఉండదు, అంతే. అది తిరిగే చోటు కూడా ఇప్పుడు మీరు పడవ ఆపుతున్న చోటికి పెద్ద దూరం కాదు. తేడా అంతా వేళలో ఉంది. ఉదయం తొమ్మిదికి పడవ దింపి మధ్యాహ్నం మూడింటికి ఒడ్డెక్కుతున్నామని రాశారు. అది అచ్చంగా పైక్ మేత మేసే సమయం. చోటును కొంచెం, వేళను పూర్తిగా మార్చండి. ఇక కింద రాసేదంతా దీనికి వివరణే.

అసలు అక్కడ వాలైని ఎందుకు వదలాల్సి వస్తోందో తెలిస్తే దాన్ని ఎక్కడ వెతకాలో సగం తెలిసినట్టే. మంచు కరుగుతుండగానే పైక్ గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తుంది. నీట మునిగిన గడ్డి, తుంగ దుబ్బులు, మోకాలి లోతు నీళ్లు దానికి చాలు. గుడ్లు గడ్డిపోచలకు అంటుకుని ఉండిపోతాయి. వాలై మరికొన్ని రోజులు ఆగి, నీరు 42 నుంచి 50 డిగ్రీల ఫారన్‌హీట్‌కు వచ్చాక, అలలు తాకే గులకరాళ్ల ఒడ్డునో పారే నీటిలోనో గుడ్లు చల్లి వెళ్లిపోతుంది. గూడు కట్టదు, కాపలా కాయదు. ఆ గుడ్లు రాళ్ల సందుల్లో పడి, కదిలే నీటి నుంచి ప్రాణవాయువు అందితేనే బతుకుతాయి. మెత్తటి బురదలో పడితే ఊపిరాడక చస్తాయి. మీ సరస్సు ఒడ్డు ముప్పాతిక వంతు బురదే కాబట్టి పైక్ సంతానం ఏటా దానంతటదే పెరుగుతుంది, వాలైని బయటి నుంచి తెచ్చి పోయాలి. మిన్నెసోటాలో జనం పట్టే వాలైలో అత్యధిక భాగం సొంతంగా సంతానం పెంచుకునే మిల్ లాక్స్, లీచ్, విన్నిబిగోషిష్, వర్మిలియన్, రెడ్ లేక్ వంటి పెద్ద సరస్సులదే. పిల్లలను వదిలితేనే నడిచే చిన్న సరస్సులు వందల్లో ఉన్నా వాటి వాటా తక్కువ.

ఏప్రిల్‌లో శాఖ సిబ్బంది వర్మిలియన్ సరస్సులో కలిసే పైక్ రివర్ వంటి చోట్ల ఏరు ఎక్కే తల్లి చేపలను పట్టి, గుడ్లు పిండి, మగ చేప వీర్యం కలిపి హేచరీ జాడీల్లో పొదిగిస్తారు. రెండు మూడు వారాల్లో దోమంత పిల్లలు బయటికొస్తాయి. కొన్నిటిని అప్పుడే, ఫ్రైగానే, సరస్సుల్లో వదులుతారు. మిగిలినవాటిని వేసవంతా చెరువుల్లో పెంచి, సెప్టెంబరు తర్వాత నాలుగు నుంచి ఆరు అంగుళాల ఫింగర్లింగ్‌లుగా తరలిస్తారు. కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువులు చూసినవారికి ఈ మాటలు కొత్త కాదు. అక్కడ సీడు వదిలేముందు చెరువు ఎండగట్టో, ఇప్పచెక్క వేసో కొర్రమీను, వాలుగ వంటి మాంసాహార చేపలను లేకుండా చేస్తారు. ఇక్కడి సరస్సులో ఆ పని కుదరదు. పైక్‌లు కాచుకుని ఉండగానే పిల్లలను వదలాలి.

అయితే పైక్‌ను అన్నిటికీ తిట్టడం కూడా సరికాదు. దోమంత ఫ్రైని పెద్ద పైక్ లెక్కచేయదు. వాటిని ఎక్కువగా తినేది పెర్చ్, సన్‌ఫిష్ వంటి చిన్న చేపలు. ఫింగర్లింగ్ విషయం వేరు, ఆరు అంగుళాల వాలై పిల్ల మూరెడు పైక్‌కు సరిగ్గా నోటికి సరిపడే మేత. వదిలిన తొలి శరదృతువు, తర్వాతి చలికాలం, ఈ రెండు గండాలూ దాటి అడుగు పొడవుకు చేరితే వాలైకి ముప్పు చాలావరకు తగ్గుతుంది. వీపు మీద ముళ్లున్న చేపను మింగడానికి పైక్ అంతగా ఇష్టపడదు. పైక్ చేసే రెండో నష్టం మీద జనం దృష్టి పెట్టరు. వాలైకి ముఖ్యమైన తిండి పసుపు పెర్చ్. చిన్న పైక్‌లు మితిమీరిన సరస్సులో పెర్చ్ కరిగిపోతుంది, బతికిన వాలై కూడా చిక్కిపోతుంది. మిన్నెసోటాలో 2018 నుంచి పైక్ నిబంధనలను మండలాలవారీగా మార్చడానికి ఇలాంటి సరస్సులే కారణం. మీది ఉత్తర మధ్య మండలం. అక్కడ పది పైక్‌ల దాకా ఉంచుకోవచ్చు, కానీ 22 నుంచి 26 అంగుళాల మధ్యవన్నీ వదిలేయాలి, 26 దాటినవి రెండుకు మించకూడదు. చిన్నవాటిని తగ్గించి, వాటిని తినే పెద్దవాటిని కాపాడాలన్నది ఉద్దేశం.

ఇప్పుడు రికార్డు చదవడం. శాఖవారి లేక్‌ఫైండర్ వెబ్‌సైటులో మీ సరస్సు పేరు కొడితే పిల్లలు వదిలిన పట్టిక వస్తుంది. చాలామంది అందులో పెద్ద సంఖ్య చూసి సంబరపడి మూసేస్తారు. సంఖ్య పక్కనే రకం, బరువు కూడా ఉంటాయి. లక్షల్లో కనబడితే అది ఫ్రై. పైక్, సన్‌ఫిష్ నిండిన సరస్సులో దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. ఫింగర్లింగ్ అని ఉంటే సంఖ్యను పౌండ్లతో భాగించండి, పౌండుకు ఎన్ని తూగాయో తెలుస్తుంది. తక్కువ తూగితే పెద్ద పిల్లలు, అంటే బతికే అవకాశం ఎక్కువ. పైక్ సరస్సుకు ఏడాది వయసు పిల్లలను వదిలిన సంవత్సరం ఏదైనా ఉంటే దాన్ని ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి.

తర్వాత ఆ సంవత్సరానికి మూడు నాలుగేళ్లు కలపండి. మిన్నెసోటా నీళ్లలో వాలై 14 అంగుళాలకు రావడానికి సుమారుగా అంత కాలం పడుతుంది. 2021 శరదృతువులో వదిలిన పిల్ల 2024, 2025 వేసవుల్లో గాలానికి తగిన చేప అవుతుంది. ఇలాంటి సరస్సులో అన్ని వయసుల వాలై ఉండదు. వదిలిన ఏడాదివి ఉంటాయి, వదలని ఏడాదివి దాదాపు ఉండవు, వదిలినా బతకని ఏడాదివీ ఉండవు. మీ రెండు వేసవులు అలాంటి ఖాళీలో పడి ఉండవచ్చు. అదే పేజీలో కిందికి వెళ్తే సర్వే ఫలితాలు ఉంటాయి. రాత్రంతా నీళ్లలో ఉంచిన గిల్ వలల్లో ఒక్కో వలకు సగటున ఏ చేప ఎన్ని పడ్డాయో, అలాంటి సరస్సుల్లో మామూలుగా ఎన్ని పడతాయో పక్కపక్కనే ఇస్తారు. పొడవుల పట్టిక కూడా చూడండి. వాలై అంతా 20 అంగుళాలు దాటి, చిన్నవి ఒక్కటీ లేకపోతే పాత పంట ఒకటి మిగిలి కొత్తది నిలవలేదని అర్థం. అలాంటప్పుడు ఆ వేసవి ఇంకో సరస్సు చూసుకోవడమే మేలు.

మీరు రెడ్ లేక్‌ను ఉదాహరణగా తెచ్చారు కనుక దాని గురించి ఒక మాట. అక్కడ వాలై కుప్పకూలి 1999లో వేట ఆపేశారు, 1999, 2001, 2003లో కోట్ల సంఖ్యలో ఫ్రై పోశారు, 2006లో మళ్లీ తెరిచారు. పోసిన పిల్లలకు ముందుగా ఆక్సీటెట్రాసైక్లిన్ ద్రావణంలో స్నానం చేయించారు. తర్వాత పట్టిన చేప చెవి ఎముకను అతినీలలోహిత కాంతిలో చూస్తే ఆ మందు గుర్తు మెరుస్తుంది, వదిలినదేదో పుట్టినదేదో తెలిసిపోతుంది. అది అద్భుతమైన విజయమే. కానీ అక్కడ గులకరాళ్లున్నాయి, అలలున్నాయి, తిండి ఉంది, వాలై అక్కడి సొంత చేప. లేనిదల్లా తల్లి చేపలే. మీ సరస్సుకు తల్లి చేపలు ఇచ్చినా పిల్లలు నిలవవు. ఆ రెండిటికీ పోలిక పెట్టకండి.

ఇక వేటలోకి వద్దాం. మే నెల మధ్యలో సీజన్ తెరుచుకున్నప్పుడు మీకు ఒక సౌలభ్యం ఉంది. వదిలిన వాలైకి కూడా గుడ్లు పెట్టాలన్న తపన పోదు. గుడ్లు నిలవకపోయినా అది గులక ఉన్న ఒడ్డును వెతుక్కుంటూ వస్తుంది, ముఖ్యంగా మగవి ఆ తర్వాత కూడా కొన్ని వారాలు ఆ దరిదాపుల్లోనే తిరుగుతాయి. పెద్ద సరస్సులో అలాంటి ఒడ్లు మైళ్ల కొద్దీ ఉంటాయి. మీ సరస్సులో బహుశా ఒకటో రెండో. వాగు వచ్చి కలిసే చోటు, రోడ్డు కింది తూము నోరు, గాలికి ఎదురుగా ఉన్న రాతి మూల, ఇంతే. నీరు లోపలికి వచ్చే చోటు ఉందా అని ముందు మ్యాపులో చూసుకోండి. సీజన్ తొలి రెండు వారాలు సాయంత్రం అక్కడ నాలుగు నుంచి ఎనిమిది అడుగుల నీటిలో వేయండి.

జూన్ వచ్చేసరికి చేప నాచు దగ్గరికి జరుగుతుంది. పుస్తకాల్లో వాలై అంటే రాళ్లు, ఇసుక తిన్నెలు అని రాస్తారు. అవి లేని చోట అది నాచులోనే కాపురం చేస్తుంది, ఎందుకంటే పెర్చ్ అక్కడే ఉంది. అన్ని నాచులూ ఒకటి కావు. ఇక్కడి వేటగాళ్లు క్యాబేజీ అని పిలిచే వెడల్పాటి ఆకుల రకం అన్నిటికంటే మంచిది. కాండాల మధ్య ఖాళీ ఉంటుంది, చేప తిరగగలదు, గాలం కూడా దిగుతుంది. అది ఆగిపోయే గీత సాధారణంగా 8 నుంచి 12 అడుగుల లోతులో ఉంటుంది. మరీ స్వచ్ఛమైన నీటిలో ఇంకా కిందికి పోవచ్చు. ఆ గీత వెంట నేరుగా ఉన్న భాగాన్ని వదిలేసి, అది లోపలికి వంపు తిరిగిన చోటు, ముక్కులా బయటికి పొడుచుకొచ్చిన చోటు చూడండి. అన్నిటికంటే ముఖ్యంగా నాచు అంచున నేల గట్టిపడే చోటు కావాలి.

ఆ గట్టి నేలను కనిపెట్టడానికి ఖరీదైన సోనార్, అంటే నీటి అడుగును, చేపలను తెర మీద చూపే పరికరం, అక్కర్లేదు. కొక్కెం లేకుండా దారం కొసకు అర ఔన్సు సీసం కట్టి దింపండి. పడవ నెమ్మదిగా జరుగుతుంటే వేలిని దారం మీద ఆనించి ఉంచండి. బురదలో సీసం మునిగి, లాగినప్పుడు మెత్తగా పట్టి వదిలినట్టు వస్తుంది, పైకి తీస్తే నల్లటి బంక అంటుకుని ఉంటుంది. ఇసుకలో జారినట్టు సాఫీగా పోతుంది. గులక తగిలిన క్షణం కర్ర కొస టకటకమని కొట్టుకుంటుంది, ఆ అదురు అరచేతిదాకా వస్తుంది. గది అంత గులక మచ్చ దొరికినా చాలు, ఫోనులో గుర్తు పెట్టుకోండి. పైక్‌కు ఆ మచ్చతో పని లేదు. అది నాచు గోడలో ఎక్కడైనా దాక్కుని దూకుతుంది. వాలై మాత్రం చీకటి పడగానే నాచులోంచి బయటికి వచ్చి ఇలాంటి మచ్చ మీద మేస్తుంది. పగలంతా ఇలా వెతకడానికి వాడుకుని, సాయంత్రం గాలం వేయండి. పగటి పడవ షికారు అప్పుడు వృథా కాదు.

వేళ గురించి మరికొంత చెప్పాలి, అసలు కిటుకు అక్కడే ఉంది. పైక్ చూపు మీద బతికే చేప. వెలుతురు ఉన్నంతసేపు కదిలేదాన్ని, మెరిసేదాన్ని చూసి దూకుతుంది. చీకటి పడ్డాక దాదాపుగా కదలదు. వాలై కంటి వెనుక కాంతిని తిరగగొట్టే పొర ఉంటుంది, టార్చి వేస్తే పిల్లి కళ్లలా మెరిసేది అందుకే. మసక వెలుతురులో పెర్చ్‌కు సరిగా కనబడదు, వాలైకి కనబడుతుంది. వేట ఆ అంతరంలో సాగుతుంది. కాబట్టి సూర్యాస్తమయానికి అరగంట ముందు లంగరు వేసి, తర్వాత కనీసం గంటన్నర కదలకండి. జూన్‌లో బ్రెయినర్డ్ దగ్గర సూర్యుడు తొమ్మిది దాటాకే అస్తమిస్తాడు, అందుకే భోజనానికి లేచి వెళ్లిపోయే కుటుంబాలకు వాలై దొరకదు. సూర్యాస్తమయానికి ముందు పైక్ ఒకటి రెండు తగులుతాయి, అది మామూలే. అవి ఆగిపోయి పది పదిహేను నిమిషాలు ఏమీ జరగకుండా గడుస్తుంది. చాలామంది చేప పోయిందనుకుని లంగరు ఎత్తేది సరిగ్గా అప్పుడే. నీళ్లలో జీబ్రా మస్సెల్ గుల్లలు చేరి మరీ తేటబడిన సరస్సు అయితే ఇంకా ఆలస్యంగా, పూర్తి చీకట్లో కదలిక మొదలవుతుంది. పగలు పట్టాలంటే మబ్బు పట్టి, గాలికి నీటి మీద అలలు లేచిన రోజే దిక్కు. అలలు వెలుతురును విరగ్గొడతాయి. గాలి ఏ ఒడ్డుకు కొడుతోందో ఆ ఒడ్డుకే వెళ్లండి, పడవ ఊగినా సరే.

గాలం సామగ్రిలో మీరు చేయాల్సింది తగ్గించడమే. మీరు రాసిన జాబితాలో మెరిసే స్పూన్లు, తిరిగే రేకుల స్పిన్నర్లు ఉన్నాయి. అవన్నీ పైక్‌ను పిలిచి తెచ్చేవి. పక్కన పెట్టేయండి. పది పౌండ్ల బరువు తట్టుకునే సన్నని అల్లిక దారం, దాని కొసకు రెండు అడుగుల 10 లేదా 12 పౌండ్ల ఫ్లోరోకార్బన్ (నీళ్లలో కనబడని పారదర్శక దారం), దానికి ఔన్సులో పదహారో వంతు లేదా ఎనిమిదో వంతు జిగ్, అంటే తలకు సీసం పోసిన కొక్కెం. మేలో జిగ్‌కు బతికున్న చిరుచేప, జూన్ నుంచి జలగ, జులై ఆగస్టుల్లో జలగ లేదా పెద్ద వానపాము. జలగ అంటే మనవాళ్లు మొహం చిట్లిస్తారు. ఎర దుకాణాల్లో అమ్మేది మనిషి రక్తం తాగే రకం కాదు, పట్టుకోవడానికి భయపడక్కర్లేదు. దాని వెడల్పాటి కొసలో ఉండే పీల్చే బిళ్లలోంచి కొక్కెం గుచ్చితే అది నీళ్లలో సాగుతూ, ముడుచుకుంటూ గంటసేపు ఈదుతుంది. ముద్దలా చుట్టుకుపోయిన జలగను తీసేసి వేరేది గుచ్చండి.

నాచు అంచున నాకు అన్నిటికంటే నచ్చేది జారుడు బెండు. దారం మీద ఒక చిన్న ముడి, దాని కింద పూస, దాని కింద బెండు, చిన్న సీసం, ఆరో నంబరు కొక్కెం, జలగ. ముడిని ఎక్కడ జరిపితే ఎర అంత లోతులో ఆగుతుంది. నాచు తలలకు ఒక అడుగు పైన వేలాడేలా పెట్టండి. చీకట్లో వెలిగే బెండు దుకాణాల్లో దొరుకుతుంది. వాలై పట్టినప్పుడు ఆ వెలుగు గభాలున మునగదు, నెమ్మదిగా పక్కకు జరుగుతూ ఆకుపచ్చగా కిందికి మసకబారుతుంది. అప్పుడు వదులు దారం చుట్టుకుని, బరువు తెలిశాక కర్ర ఎత్తండి. పైక్ అయితే అలా ఆలోచించే వ్యవధి ఇవ్వదు.

వైరు లీడరు వద్దు. పగటిపూట స్పూన్లు విసిరేవారికి అది తప్పనిసరి, ఇక్కడ మాత్రం వైరు బరువుకు జలగ చచ్చినట్టు వేలాడుతుంది, వాలై వాసన చూసి పోతుంది. సంజెకు ముందు రెండు మూడు జిగ్‌లు పైక్ పళ్లకు తెగిపోతాయి, అది ఈ వేట ఖర్చులో భాగం. ఒకే చోట వరసగా తెగుతుంటే లీడరు మార్చకండి, చోటు మార్చండి. నాచు గోడకు మరీ దగ్గరగా ఉన్నారని అర్థం. పదిహేను అడుగులు బయటికి, గట్టి నేల వైపు జరగండి. దారం తెంపకుండా చేతికొచ్చిన ప్రతి చేప తర్వాత ఫ్లోరోకార్బన్‌ను గోళ్ల మధ్య లాగి చూడండి, గరుకు తగిలితే అక్కడికి కోసి మళ్లీ ముడి వేయండి.

చీకట్లో ఏది పడిందో తేల్చుకోవడానికి తోక చూడండి. వాలై తోక కింది కొన తెల్లగా ఉంటుంది, వీపు మీది ముళ్ల రెక్క వెనుక మొదట్లో నల్ల మచ్చ ఉంటుంది. పైక్ ఒంటి మీద ముదురు ఆకుపచ్చ నేలపై చిక్కుడు గింజల్లాంటి లేత మచ్చలుంటాయి. రెండిటి నోటిలోనూ వేలు పెట్టకండి, వాలై పళ్లు కూడా తక్కువవి కావు.

మీరు ఆగస్టులో 30 అడుగుల లోతుకు వెళ్లానని రాశారు. ఎండలకు చేప లోతుకు పోతుందన్నది సగమే నిజం. వేసవిలో ఇలాంటి సరస్సు రెండు పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు, రెండూ కలవవు. నాచు ఎక్కువగా ఉన్న, సారం ఉన్న సరస్సులో కింది పొరలో ప్రాణవాయువు త్వరగా అయిపోతుంది. ఆ సరిహద్దు తరచుగా 15 నుంచి 20 అడుగుల దగ్గర ఉంటుంది. దాని కింద ఎంత మంచి ఎర వేసినా తినడానికి ఎవరూ లేరు. సోనార్ ఉంటే దాని సున్నితత్వం పెంచండి, అడ్డంగా మసక పట్టీ ఒకటి కనబడుతుంది. చేప గుర్తులన్నీ దాని పైనే ఉంటాయి. ఆగస్టులో కూడా నాచు బయటి అంచు, ఆ పట్టీ పై భాగం మధ్య ఉన్న ఇరుకు మేరలోనే వెతకాలి.

సెప్టెంబరు చివర నాచు చాలావరకు పండి పడిపోతుంది. ఇంకా పచ్చగా నిలబడిన గుబురు ఏదైనా ఉంటే చేపలన్నీ అక్కడ చేరతాయి. ఆ రోజుల్లో రాత్రిపూట సన్నని చేప ఆకారపు తేలే ఎరను, రపాలా వంటిదాన్ని, గంటకు మైలు, మైలున్నర వేగంతో ఆ అంచు వెంట లాగితే ఏడాదిలోకెల్లా పెద్ద వాలై తగిలే అవకాశం ఉంది. చలికాలం సంగతి ఒక్క ముక్కలో: తొలి మంచు మీద అవే గులక మచ్చలు, అదే సంజె వేళ. నడవడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి, తేటైన మంచు ఉండాలని శాఖ చెబుతుంది. అడుగడుగునా గడ్డపారతో పొడిచి చూసుకుంటూ వెళ్లండి.

రాత్రి వేట కొత్త కాబట్టి కొన్ని జాగ్రత్తలు. లంగరు వేసిన పడవకు చుట్టూ కనబడే తెల్ల దీపం ఉండాలి, ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. పడవ కదులుతున్నప్పుడు పదేళ్లలోపు పిల్లలు దాన్ని తొడుక్కునే ఉండాలి. తలకు పెట్టుకున్న దీపాన్ని మాత్రం నీళ్ల మీదికి తిప్పకండి, ఎనిమిది అడుగుల నీటిలో వాలై బెదిరిపోతుంది. లంగరును విసరకుండా చేత్తో దింపండి. ఇంటికి బయలుదేరేముందు పడవ అడుగు బిరడా తీసి నీరంతా వదిలేయడం, ఎర డబ్బాలోని సరస్సు నీటిని పారబోసి ఇంటి నుంచి తెచ్చిన నీళ్లు పోయడం చట్టం. ఒక సరస్సు చేపను తెచ్చి ఇంకో సరస్సులో వదలడం నేరం. కొందరు మంచి పని అనుకుని చేస్తుంటారు, కాబట్టి చెబుతున్నాను.

ఎన్ని ఉంచుకోవచ్చన్నది ఆ ఏడాది నిబంధనల పుస్తకంలో చూసుకోండి, మీ సరస్సుకు ప్రత్యేక నియమం ఏదైనా ఉంటే రేవు దగ్గర బోర్డు కూడా ఉంటుంది. తినడానికి రెండు వాలై ఉంచుకుంటే సరస్సుకు ద్రోహం చేసినట్టేమీ కాదు. గుడ్ల కోసం తల్లి చేపను వదలాలన్న వాదన సొంత సంతానం ఉన్న సరస్సులకు చెల్లుతుంది, ఇక్కడ ఆ గుడ్లు ఎలాగూ బురదపాలే. 15 నుంచి 18 అంగుళాలవి ఇంటికి తీసుకెళ్లండి. 20 దాటినవాటిని నేను వేరే కారణంతో వదిలేస్తాను. పెద్ద చేపలో పాదరసం ఎక్కువ పేరుకుంటుంది. గర్భిణులకు, 15 ఏళ్లలోపు పిల్లలకు ఏ చేప ఎంత మోతాదులో తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ విడిగా సూచనలు ఇచ్చింది, ఇంట్లో అలాంటివారు ఉంటే తప్పక చూడండి.

22 అంగుళాల లోపు పైక్‌లను మీరు ఇన్నాళ్లూ విసుక్కుంటూ వదిలేస్తున్నారు. వాటిని ఉంచుకోండి, వాలై పిల్లలకూ పెర్చ్‌కూ అంత మేలు. పైక్ రుచికేమీ తక్కువ లేదు, చీలిన సన్న ముళ్ల వరసే ఇబ్బంది. చర్మం ఉంచి, ముక్క మీద పావు అంగుళం ఎడంలో అడ్డంగా గాట్లు పెట్టి, ఉప్పు, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి బాగా కాగిన నూనెలో వేయిస్తే ఆ ముళ్లు కరకరలాడి నోటికి తగలవు. పెద్ద ముక్కలైతే చింతపండు పులుసులో వేయండి, పైక్ కండ గట్టిది, విరగదు. వాలైని మాత్రం పులుసులో వేయకండి. దాని కండ పొరలు పొరలుగా విడిపోయి గిన్నె అడుగుకు చేరుతుంది. పలుచగా బియ్యప్పిండి అద్ది పెనం మీద రెండు వైపులా మూడేసి నిమిషాలు ఉంచితే సరిపోతుంది.